కాటా మీద వేలు



మన పత్తికొండ సీమలో ఎవరూ డబ్బు ఊరికే విడవరు. వానను నమ్ముకున్న మెట్ట నేల ఇది. ఒక ఏడాది పంట వస్తే రెండేళ్ళు ఎండుతుంది. అందుకే ఇక్కడి మనిషి కొనేటప్పుడు పది సార్లు చూస్తాడు. సంతలో కుండ కొనే అవ్వ దాన్ని చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో కొట్టి మోత వింటుంది. మోత ఖంగుమంటేనే బేరం మొదలుపెడుతుంది. ఎద్దుల జత కొనే రైతు నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగు అడుగులు నడిపించి డెక్కలు చూస్తాడు. విత్తన బుడ్డలు కొనేటప్పుడు రెండు కాయలు ఒలిచి పలుకు కొరికి చూడనిదే సంచి ఎత్తడు. పండగకు చీర కొనే ఇల్లాలు కొంగును వెలుతురులో పెట్టి చూసి, రంగు పోతుందా అని అడిగి, ఇంకో అంగడికి పోయి ధర కనుక్కుని, మళ్ళీ మొదటి అంగడికే వస్తుంది. ఇందులో తప్పేమీ లేదు. కష్టపడి సంపాదించిన రూపాయికి మనం ఇచ్చే మర్యాద అది.

మరి విశ్వాసం సంగతి వచ్చేసరికి? వంద రూపాయల కుండకు చూపే శ్రద్ధలో సగం కూడా అక్కడ చూపం. "మా నాయన కాలం నుంచి చర్చికి పోతున్నాం కాబట్టి పోతున్నాం" అంటారు కొందరు. "అమ్మకు జబ్బు నయమైంది, అందుకే వచ్చాం" అంటారు ఇంకొందరు. ఎందుకు నమ్మారో, ఏమి నమ్మారో అడిగితే మాట తడబడుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మన పిల్లలు కాలేజీలకు పోయినప్పుడు ఒక మాట వింటున్నారు. "మీ తాతలు పాలపిండికి, గోధుమపిండికి మతం మారారు. అన్నానికి అమ్ముడుపోయినోళ్ళు మీరు" అని. ఆ మాట విని ఇంటికొచ్చిన పిల్లవాడు మనల్ని అడుగుతాడు, "నిజమేనా?" అని. ఈ ప్రశ్నను కోపంతో కొట్టిపారేయకూడదు. "అదంతా అబద్ధం" అని ఒక్క మాటలో తోసిపుచ్చనూ కూడదు. చరిత్ర తెరిచి చూపించాలి. ఈ రోజు మనం చేయబోయేది అదే.

ముందు ఒక లెక్క పెట్టుకుందాం. బేరం ఎప్పుడు చెడిపోతుంది? మన మార్కెట్ యార్డులో టమోటా అమ్మిన ప్రతి రైతుకూ ఇది తెలుసు. మొదటిది, తూకం వేసేవాడు కాటా మీద వేలు పెడితే చెడుతుంది. రెండోది, అసలు ధర దాచిపెట్టి అమ్మితే చెడుతుంది. మూడోది, కొనేవాడికో అమ్మేవాడికో వేరే దారి లేకుండా చేస్తే చెడుతుంది. పెట్టుబడికి అప్పిచ్చిన మండీకే సరుకు తోలాలన్న కట్టుబాటు ఉన్న రైతు బేరమాడలేడు. వాళ్ళు వేసిందే ధర. ఈ మూడూ లేని బేరమే నిజమైన బేరం. సువార్త మన దేశానికి వచ్చినప్పుడు ఈ మూడింటి సంగతి ఏమైంది? ఒక్కొక్కటే చూద్దాం.

కాటా మీద వేలు అంటే ఇక్కడ అధికారం. ఇంగ్లీషువాళ్ళ పాలనలో అధికారం వాళ్ళదే, వాళ్ళు క్రైస్తవులే. కాబట్టి జనాన్ని భయపెట్టి మతంలో కలుపుకుని ఉంటారని చాలామంది అనుకుంటారు. ఈ విషయంలో మన పత్తికొండకు బాగా సంబంధం ఉన్న ఒక మనిషి ఏమన్నాడో చూడండి. ఆయన పేరు సర్ థామస్ మన్రో. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చేశాక, 1807 దాకా ఈ దత్త మండలాలకు ఆయనే ప్రిన్సిపల్ కలెక్టరు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో పదవి వదిలి స్వదేశం పోయేముందు ఈ జనాన్ని చివరిసారి చూసిపోదామని వచ్చి, కలరా సోకి, జూలై 6న మన పత్తికొండలోనే కన్నుమూశాడు. ఆయన జ్ఞాపకంగా ఇక్కడ బావి తవ్వించి తోపు వేయించింది ప్రభుత్వం. రాయలసీమలో ఆయన పేరు పెట్టుకున్న పిల్లలు కూడా ఉండేవారని పెద్దలు చెబుతారు.

అప్పటికి కర్నూలు జిల్లా ఇప్పటి రూపంలో లేదు. పత్తికొండ తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది. 1858లో కర్నూలు జిల్లాను ఏర్పరచినప్పుడే ఇటు వచ్చింది. ఆ బళ్ళారి జిల్లాలో 1822లో ఒక సబ్ కలెక్టరు తన ఉద్యోగంలో ఉంటూనే క్రైస్తవ మత ప్రచారంలో చేయి పెట్టాడు. సంగతి గవర్నరు దాకా పోయింది. గవర్నరు మన్రో కూడా క్రైస్తవుడే. అయినా ఆ అధికారిని మెచ్చుకోలేదు. అది తప్పని ఆ సంవత్సరం నవంబరులో మినిట్ రాశాడు. ఆయన వాదన మన మాటల్లో చెప్పాలంటే ఇది: కచేరీలో కూర్చుని పన్ను వసూలు చేసేవాడు, శిక్ష వేసేవాడు, "నేను సొంతంగా చెబుతున్నాను" అని ఎంత అన్నా, జనం చెవికి అది ఆజ్ఞలాగే వినిపిస్తుంది. ఉద్యోగినీ మనిషినీ వేరు చేసి చూడడం రైతుకు సాధ్యం కాదు. మతం గురించి చెప్పే పని మిషనరీలకు వదిలేయాలి, వాళ్ళ చేతిలో అధికారం ఉండదు కాబట్టి వినేవాడు నచ్చితే వింటాడు, లేకపోతే లేచిపోతాడు.

మన్రో ఈ మాట రాసింది రాజ్యం స్థిరంగా ఉండాలన్న ఆలోచనతో కూడా. ఆయన్ని పరిశుద్ధుడిగా చూపించాల్సిన పని మనకు లేదు. కానీ మన కాపరులు, మన సంఘ పెద్దలు గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఆ మినిట్‌లో ఉంది. బలమైనవాడు బలహీనుడి ముందు సువార్తను పెట్టేటప్పుడు తన బలాన్ని బయట వదిలి రావాలి. లేకపోతే కాటా మీద వేలు పెట్టినట్టే. అలా వచ్చిన విశ్వాసి తూకానికి సరిపోయాడో లేదో దేవునికి తప్ప ఎవరికీ తెలియదు. తప్పుడు త్రాసు యెహోవాకు హేయమని సామెతలు 11లో సొలొమోను చెప్పింది ఉల్లిగడ్డల అంగడికి మాత్రమే కాదు.

ఇక ధర సంగతి. మన తెలుగు దేశంలో మొదట్లో ప్రభువును ఎంచుకున్నవారిలో యర్రగుంట్ల పేరయ్య గారి కథ మీలో కొందరు విని ఉంటారు. మాదిగ కులంలో పుట్టిన ఆయన వృత్తి చర్మాల వ్యాపారం. ఊరూరా తిరిగి తోళ్ళు కొని దూరం పోయి అమ్మేవాడు. తోలు వ్యాపారి కన్ను ఎలాంటిదో ఆలోచించండి. పైకి నున్నగా కనిపించే తోలులో ఎక్కడ పురుగు తిన్నదో, ఎక్కడ కత్తి గాటు పడిందో వేలితో తడిమి చెప్పగలడు. ఆత్మ సంగతిలోనూ ఆయన అలాగే తడిమి చూశాడు. గురువుల దగ్గర యోగం నేర్చుకున్నాడు, కూర్చుని ధ్యానం చేశాడు. దొరికినంతలో శాంతి దొరికింది కానీ మనసు నిండలేదు. వ్యాపారం మీద ఉత్తరాన ఏలూరు వైపు పోయినప్పుడు ఏకైక దేవుని గురించి, యేసు ప్రభువు గురించి విన్నాడు. విన్న వెంటనే మెడలో వేసుకోలేదు. ఇంటికి వచ్చి ఆలోచించాడు, తనవాళ్ళకు చెప్పాడు, తెలిసినవారిని వెతుక్కుంటూ పోయాడు. చివరకు 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఈ వివరాలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారి భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన 'వైల్ సోయింగ్ శాండల్స్' పుస్తకంలో ఉన్నాయి. పేరయ్య లాంటి పెద్దల నోటి నుంచి విని ఆమె ఆ పుస్తకం రాసింది.

1867 జనవరి 1న ఒంగోలులో సంఘం స్థాపించినప్పుడు అందులో ఉన్నది ఎనిమిది మందే. అదే నెలలో క్లౌ పేరయ్య ఊరికి పోతే, చుట్టుపక్కల పల్లెల నుంచి జనం దుప్పట్లు, తిండి మూటలు కట్టుకుని వచ్చి వాక్యం విన్నారు. వారిలో 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇక్కడ గమనించండి. తిండి వాళ్ళే తెచ్చుకున్నారు. ఎవరూ పంచలేదు.

ధర కూడా వాళ్ళకు ముందే చెప్పారు. విగ్రహాలకు మొక్కకూడదు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. చదవడానికి మూడు చిన్న మాటలే. కానీ ఆ రోజుల్లో మాదిగపల్లె మనిషికి ఈ మూడూ ఎంత ఖరీదో లెక్కవేయండి. ఊరి జాతరలో డప్పు కొట్టడం వాళ్ళకు వంతుగా వచ్చిన పని. కొట్టనంటే ఊరంతా పగ పడుతుంది. కోతల కాలంలో ఆదివారం రానంటే ఆసామికి కోపం, ఏడాది పొడవునా ఇచ్చే గింజలకు గండి. చచ్చిన గొడ్డు మాంసం ఆకలి రోజుల్లో వాళ్ళకు దొరికే ఒకే ఒక మాంసం, దాన్ని వదలడమంటే పిల్లల కడుపు మాడ్చుకోవడం. అనుకున్నట్టే జరిగింది. చాలా ఊళ్ళలో పెద్దలు వాళ్ళ మీద కట్టుబాటు వేశారు. బావి దగ్గరికి రానివ్వలేదు, అంగట్లో సరుకు అమ్మనివ్వలేదు, దొంగ కేసులు పెట్టించారు. సంతలో పైసా ఇచ్చినా ఉప్పు పుట్టని రోజులు వాళ్ళు చూశారు. అన్నానికి అమ్ముడుపోయినవాడి అన్నం ఎక్కువ కావాలి గదా! వీళ్ళ అన్నం తగ్గింది. ఈ ఒక్క సంగతి మన పిల్లలకు చెప్పినా చాలు.

అయితే మూడో ప్రశ్న మిగిలే ఉంది, అదే గట్టి ప్రశ్న. వేరే దారి లేక వచ్చారా? 1876లో ధాత నామ సంవత్సరం వచ్చింది. వానలు లేవు. రెండేళ్ళు సీమ మొత్తం మాడిపోయింది. ధాత కరువు అని మన అవ్వల నోట ఇంకా ఆ పేరు ఉంది. మన కర్నూలు జిల్లా అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్న జిల్లాల్లో ఒకటి. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు. చచ్చినవారు చావగా మిగిలినవారు వలస పోయారు. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది కానీ 1877లో కూలీని తగ్గించి రోజుకు ఒక పౌను ధాన్యం లెక్కకు తెచ్చింది, అంటే అరకిలో కంటే తక్కువ. మన్ను మోసే మనిషికి అది బతికే తిండి కాదు.

ఆ కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని గుత్తకు తీసుకుని ఆకలిగొన్న వేలమందికి కూలి ఇప్పించాడు. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. మధ్యాహ్నం గంప దించి కూర్చున్నప్పుడు వాక్యం చెప్పేవారు. విన్నవాళ్ళలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఇక్కడ ఆయన చేసిన పనిని ప్రతి కాపరీ మనసులో రాసుకోవాలి. ఇవ్వనన్నాడు. ఒక రోజు కాదు, వారం కాదు, దాదాపు 15 నెలలు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. కూలి ఇచ్చే చేయీ బాప్తిస్మం ఇచ్చే చేయీ ఒకటే అయితే, ఎవరు దేనికి వచ్చారో తేలదని ఆయనకు తెలుసు. తిండి కోసం వచ్చేవాళ్ళు ఉంటారని కూడా తెలుసు. ఆకలిగొన్న మనిషిని ఆయన తప్పు పట్టలేదు, ఆ ఆకలిని ఆసరా చేసుకోలేదు, అంతే.

1878 జూన్ నాటికి వానలు పడి కరువు సడలింది. ఇక మా దగ్గర సాయం డబ్బు లేదు అని ఆయన కబురు పంపాడు. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర క్రైస్తవులను మాత్రం కలుసుకుందామనుకుంటే, ఇంకా బాప్తిస్మం పొందనివాళ్ళు గుంపులు గుంపులుగా వచ్చేశారు. ఇచ్చేందుకు ఏమీ లేదు, పొండి అన్నారు. వాళ్ళు కదల్లేదు. కాయలు కాసిన చేతులు చూపించి, మేము కష్టం చేసుకుని బతుకుతాం, నీ దగ్గర ఏమీ అడగం, వచ్చే పంట పోతే చస్తాం, చచ్చినా క్రైస్తవులుగా చస్తాం అని అర్థం వచ్చేలా చెప్పుకున్నారు. వారి విశ్వాసాన్ని విచారించి, 1878 జూలై 3న ఒక్క రోజునే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ ఉద్యమం ఒంగోలుతో ఆగలేదు. అప్పట్లో మన కర్నూలు జిల్లాలోనే ఉన్న కంభం, మార్కాపురం తాలూకాల పల్లెల్లోకి పాకింది. ఆ ప్రాంతాలు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాకే మన జిల్లా నుంచి వేరయ్యాయి.

కాబట్టి "అన్నానికి అమ్ముడుపోయారా?" అని అడిగే పిల్లవాడికి మన జవాబు ఇది. నాయనా, ఆ రోజుల్లో ఆకలితో వచ్చినవాళ్ళు ఉన్నారు, అది దాచాల్సిన సంగతి కాదు. కానీ ఆకలి తీరే దాకా ఆగమని చెప్పిన కాపరి కూడా ఉన్నాడు. ఇచ్చేదేమీ లేదన్న తరువాత వచ్చిన వేలమంది కూడా ఉన్నారు. ఆ వేలమందిని అమ్ముడుపోయినవాళ్ళు అనడం అన్యాయం. కులం తక్కువ, చదువు లేదు, అందుకే ఆలోచన లేకుండా వచ్చారని అనుకోవడంలోనే అవమానం ఉంది. పేదవాడు కుండ కొట్టి చూడగలిగినప్పుడు దేవుణ్ణి ఆలోచించి ఎంచుకోలేడా?

ధర చెల్లించే కాలం 1878తో అయిపోయిందనుకోకండి. 1950లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువులు కానివారికి ఆ హోదా లేదు. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు తెరవలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వచ్చిన దళితులను బీసీ-సీలో పెట్టారు, అక్కడ వాళ్ళ వాటా ఒక్క శాతం. పల్లెలో కుల వివక్ష మాత్రం బాప్తిస్మంతో పాటు నీళ్ళలో కొట్టుకుపోదు. అటు బాధ అంతే ఉంటుంది, ఇటు కాగితం మారుతుంది. అందుకే మన సంఘాల్లో ఆదివారం పాట పాడే నోరు, సోమవారం తహశీల్దారు ఆఫీసులో వేరే మాట చెప్పే ఇళ్ళు ఉన్నాయి. పిల్లల చదువు, ఉద్యోగం, బతుకు ముడిపడి ఉన్న సంగతి అది. రాళ్ళు వేయడం తేలిక, ఆ ఇంట్లో కూర్చుని ఆలోచించడం కష్టం. మేము ఎవరి మీదా రాయి వేయం. ఆ ఉత్తర్వు న్యాయం కాదని మా అభిప్రాయం. కానీ బాప్తిస్మం అడగడానికి వచ్చేవారికి మేము ఈ సంగతి ముందే కూర్చోబెట్టి చెబుతాం. గోపురం కట్టదలచినవాడు ముందు ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువే లూకా 14లో నేర్పాడు. ధర దాచి చేర్చుకున్న విశ్వాసి రేపు మోసపోయానని అంటే ఆ మోసం మన ఖాతాలో పడుతుంది.

అదే లూకా 14లో ఇంకో మనిషి ఉన్నాడు, గమనించారా? అయిదు జతల ఎద్దులు కొన్నాడు. వాటిని పరీక్షించాలి, విందుకు రాలేనని కబురు పెట్టాడు. ఎద్దులను పరీక్షించడం తప్పు కాదు, మన రైతు కూడా చేస్తాడు. కానీ కొన్నాక పరీక్షించేవాణ్ణి మన సంతలో నవ్వుతారు! పోనీ, ఎద్దుల మీద చూపిన ఆ శ్రద్ధ పిలిచిన ఇంటివాడి మీద చూపలేదు. మనలో చాలామంది కథ అదే. ఫోను కొనడానికి నెల రోజులు వీడియోలు చూసే అబ్బాయి సువార్త పుస్తకం ఒక్కటి మొదటి నుంచి చివరి దాకా చదవడు.

ఇక్కడ ఇంకో చిన్న చరిత్ర. బైబిలు ఉచితంగా కాక ఎందుకు అమ్ముతారని కొందరు అడుగుతుంటారు. 1800లో వేల్స్ దేశంలో మేరీ జోన్స్ అనే నేతపనివారి ఇంటి పిల్ల, ఆరేళ్ళు పైసా పైసా కూడబెట్టి, బైబిలు కొనడానికి దాదాపు 25 మైళ్ళు చెప్పులు లేకుండా నడిచి బాలా అనే ఊరికి పోయింది. అప్పుడామెకు పదిహేనేళ్ళు. ఆమెలాంటివారికి సొంత భాషలో, భరించగల ధరలో లేఖనాలు దొరకాలన్న ఆలోచన నుంచే 1804లో లండన్‌లో బైబిలు సొసైటీ పుట్టింది. తరువాత మన తెలుగు పల్లెల్లో కూడా పుస్తకాల మూట భుజాన వేసుకుని తిరిగిన బోధకులు సువార్త భాగాలను అతి తక్కువ ధరకు అమ్మేవారు. లాభానికి కాదు. ఉచితంగా ఇచ్చిన కాగితం పొట్లం కట్టడానికి పోతుంది, కాణీ ఇచ్చి కొన్న పుస్తకం మాత్రం పెట్టెలోకి పోతుంది. చేతి నుంచి ఏదో ఒకటి పోయినప్పుడే చేతిలోకి వచ్చినదాన్ని మనిషి తెరిచి చూస్తాడు.

ఇప్పుడు మన సీమకే ప్రత్యేకమైన ఒక బేరం దగ్గరికి వద్దాం. తొలకరి చినుకులు పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర, పెరవలి చేలల్లో జనం నిండిపోతారు. పక్క జిల్లాల నుంచి, కర్ణాటక నుంచి కూడా వచ్చి, తలలు వంచి వజ్రాలు వెతుకుతారు. ఎవరికో ఒకరికి దొరుకుతుంది. ఆ రాత్రికే వ్యాపారి వస్తాడు, గుట్టుగా బేరం అవుతుంది. చాలాసార్లు దొరికినవాడికి దాని విలువ తెలియదు. కొన్నవాడికి తెలుసు. అవసరం ఒకడిది, తెలివి ఇంకొకడిది. లక్షలకు పోయేది వేలకే చేతులు మారుతుంది. ఏశావు జ్యేష్ఠత్వాన్ని కూర గిన్నెకు ఇచ్చిన బేరం ఇలాంటిదే. అవసరంలో ఉన్నవాడు అమ్మాడు, విలువ తెలిసినవాడు కొన్నాడు.

మత్తయి 13లో ప్రభువు చెప్పిన పొలంలో దాచిన ధనం ఉపమానాన్ని మన జొన్నగిరి రైతుకు చెబితే వేరే వ్యాఖ్యానం అవసరం లేదు. కానీ ఒక తేడా చూపించాలి. మన చేలల్లో వెతికేవాడు తన పొలమూ ఇల్లూ ఉంచుకుని, అదృష్టం కలిసివస్తే చూద్దామని వస్తాడు. దొరక్కపోతే వాన వెలిశాక లేచిపోతాడు. ఉపమానంలోని మనిషి తనకున్నదంతా అమ్మేశాడు. అదీ ఏడుస్తూ కాదు, సంతోషంతో. విలువ తెలిసినవాడికి ఇచ్చినదాని మీద దిగులుండదు. పేరయ్య కాలంలో ఆ మూడు నియమాలకు ఒప్పుకున్నవారిది ఆ సంతోషమే. చర్చికి వస్తే ఏదో ఒకటి కలిసివస్తుందని వచ్చి, కలిసిరాకపోతే లేచిపోయేది మాత్రం వజ్రాల వేట. అది విశ్వాసం కాదు.

కాబట్టి ప్రియులారా, కాపరులుగా, పెద్దలుగా, విశ్వాసులుగా మనం కొన్ని సంగతులు జాగ్రత్త చేసుకుందాం. ప్రార్థనకు వస్తే ఉద్యోగం ఖాయం, వీసా ఖాయం అని గోడ మీద కాగితం అతికించవద్దు. అది ధర దాచి సరుకు అమ్మడం. జబ్బుతో వచ్చినవారి కోసం కన్నీటితో ప్రార్థిద్దాం, మందు కొనిద్దాం, అన్నం పెడదాం. అన్నం పెట్టి ఆగుదాం. ఆ అన్నానికి బదులుగా దేన్నీ అడగవద్దు. మన పొలంలో పనిచేసేవాళ్ళు, మన దగ్గర అప్పున్నవాళ్ళు సంఘానికి వస్తుంటే, వాళ్ళు రాకపోయినా మన ముఖం మారదని వాళ్ళకు తెలిసేలా ఉందాం. పొరుగువారి దేవుణ్ణి తూలనాడి మన ప్రభువును గొప్ప చేయవద్దు. పక్క అంగడి కుండ పగులుదని అరిచి తన కుండ అమ్ముకునేవాడి కుండ మోత ఎవరూ వినరు. ఇక మన ఇళ్ళలో పుట్టిన పిల్లలను, "మన ఇంటి మతం" అని కట్టేయకుండా, తట్టి చూడనిద్దాం. ప్రశ్నలు అడగనిద్దాం. మంచి కుండకు మోత అంటే భయం లేదు.

చివరిగా ఒక మాట. ఇంతసేపూ మనం ఎంచుకున్నామని, మనం ధర ఇచ్చామని మాట్లాడుకున్నాం. లేఖనం మాత్రం ఆ బేరాన్ని ఇంకో వైపు నుంచి కూడా చూపిస్తుంది. కొన్నవాడు ఆయన, కొనబడినవాళ్ళం మనం అని పౌలు కొరింథీయులకు రాశాడు. మన బైబిల్లో సంచకరువు అనే పాత మాట ఉంది. మన మండీ భాషలో చెప్పాలంటే బయానా. బేరం కుదిరిందని కొనేవాడు ముందుగా చేతిలో పెట్టే సొమ్ము. దేవుడు తన ఆత్మను మన హృదయాల్లో సంచకరువుగా ఇచ్చాడు. కర్నూలు జిల్లా ఎండల్లో, ఒకరికీ గిట్టుబాటు కాని సరుకులా, టమోటా ధర పడిపోయిన రోజు రోడ్డు పక్కన పారబోసిన గంపలా లోకం చూసిన మనుషుల దగ్గరికి ఆయన వచ్చి, ధర తగ్గించమని అడగకుండా, తన ప్రాణమే ఇచ్చి కొన్నాడు. ఆయన కాటా మీద ఎవరి వేలూ లేదు. మన కులం, మన చదువు, మన రేషన్ కార్డు రంగు ఆ తూకంలో పడలేదు.

అంత ధర పెట్టిన ప్రభువును చౌకగా అమ్మే బోధ మన నోట రాకుండా, చౌకగా వదిలేసే మనసు మనకు కలగకుండా, తండ్రి మనలను కాపాడును గాక. ఆమేన్.